తెల్లవారుజామున తెల్లగా నిలిచిన సీసా: ఒక డెల్టా మురుగు కాలువపై నాలుగేళ్ల పని

నారుమళ్లు ఎర్రబడుతున్నాయని శివారు రైతులు ఫిర్యాదు చేశారు. అధికారులు వచ్చి కాలువ నీరు పట్టుకెళ్లి పరీక్ష చేయించారు. ఉప్పు పరిమితిలోనే ఉందని కాగితం వచ్చింది. ఆ మరుసటి వారం, ఎప్పుడో నా దగ్గర ఇంటర్మీడియట్ చదివిన ఒక రైతు, అయిదు లీటర్ల డబ్బాలో నీళ్లు నింపుకుని మా ఇంటికి వచ్చాడు. నేను కాలేజీలో రసాయన శాస్త్రం చెప్పి ఉద్యోగ విరమణ చేసినదాన్ని. నీటిలో ఉప్పు ఎంత ఎక్కువైతే దాని విద్యుత్ వాహకత అంత ఎక్కువ. దాన్ని కొలిచే చిన్న మీటరు ఇంట్లోనే ఉంది. అందులో ముంచితే అంకె 2,250 మైక్రోసీమెన్స్ దాటింది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో సాగునీటికి అనుమతించే గరిష్ఠ పరిమితి అదే. మర్నాడు నేనే వెళ్లి వంతెన మీద నుంచి బకెట్టు వేసి తోడి చూశాను. అందులో సగం కూడా లేదు.

“మేడమ్ గారండి, నిన్న నేను అబద్ధం చెప్పానంటారా?” అని అడిగాడు. అబద్ధం కాదని నాకు తెలుసు. కానీ నా మీటరూ అబద్ధం చెప్పలేదు. ఈ రెండు నిజాలు ఒకే కాలువలో ఎలా ఇమిడాయో తెలుసుకోవాలన్న పట్టుదలతో ఈ పని మొదలైంది.

గోదావరి మధ్య డెల్టాలో ఒక చిన్న పట్టణం పక్కగా మొదలై, పన్నెండు కిలోమీటర్లు పొలాల మధ్య సాగి, సముద్రపు పోటు ఎక్కే ఉప్పుటేరులో కలిసే మురుగు కాలువ ఇది. ఊరి పేరు, కాలువ పేరు రాయడం లేదు. కాలువ చివర ఉన్న పర్ర భూమిపై, అంటే పోటు నీరు పరుచుకునే పల్లంపై, ఒక అభ్యంతరం ఇంకా విచారణలో ఉంది. ఆ విచారణకు నా రాత వల్ల ఏ వైపూ ఇబ్బంది రాకూడదు.

గోదావరి డెల్టా అనగానే ధవళేశ్వరం గుర్తొస్తుంది. కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది. దాని స్థానంలో కట్టిన బ్యారేజీ 1982 నాటికి సిద్ధమైంది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల్లో కలిపి సుమారు పది లక్షల ఎకరాలు దాని కిందే పండుతున్నాయి. ఇది నీరు వచ్చే దారి. నీరు పోయే దారి గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. పంట కాలువ మెరక మీద సాగుతుంది కాబట్టి అందరి కంటికీ కనిపిస్తుంది. మురుగు కాలువ పల్లంలో, ఊరి వెనక, తూడుకాడల కింద పడి ఉంటుంది. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం ప్రకటించినప్పుడు గిట్టుబాటు ధరతో పాటు వాళ్లు చెప్పిన కష్టాల్లో మురుగు దిగకపోవడం ఒకటి. నీళ్లు తెచ్చిపెట్టినవారికి విగ్రహాలున్న నేల మాది. ఆ నీళ్లను దించే కాలువకు పూడిక తీసే దిక్కు కూడా ఏటా ఉండదు.

మొదటి జట్టులో పద్నాలుగు మంది చేరారు. డిగ్రీ విద్యార్థులు తొమ్మిది మంది, ఇద్దరు రైతులు, లాకుల దగ్గర లస్కరుగా చేసి విరమించిన ఒక పెద్దాయన, కాలువలో వలలు వేసే ఒక మహిళ, నేను. పట్టణం నుంచి ఉప్పుటేరు దాకా ఆరు చోట్లు ఎంచుకున్నాం. ప్రతి ఆదివారం ఉదయం పది గంటలకు అందరూ ఒకేసారి నీరు తోడేవాళ్లు. ఉష్ణోగ్రత, పీహెచ్, వాహకత, కరిగిన ఆక్సిజన్ కొలిచేవాళ్లం. పాత స్టీలు పళ్లేనికి నలుపు, తెలుపు రంగులు వేసి తాడుతో దింపి, అది కనబడకుండా పోయే లోతు రాసుకునేవాళ్లం. మీటరును ప్రతిసారీ 1,413 మైక్రోసీమెన్స్ ప్రామాణిక ద్రావణంతో సరిచూసిన తరువాతే వాడాలని నేను గట్టిగా పట్టుబట్టాను. ఈ ఒక్క అలవాటు తరువాత మా పరువు కాపాడింది.

కరిగిన ఆక్సిజన్‌కు ఎలక్ట్రానిక్ మీటరు కొనే స్తోమత మాకు లేదు. అందుకే పాత వింక్లర్ పద్ధతికి వెళ్లాం. మూడు వందల మిల్లీలీటర్ల గాజు సీసాలో గాలి బుడగ లేకుండా నీరు నింపి, మాంగనీస్ సల్ఫేటు, ఆ వెంటనే అజైడ్ కలిపిన క్షార అయొడైడ్ ద్రావణం వేస్తాం. నీటిలో ఆక్సిజన్ ఉంటే గోధుమరంగు ముద్ద కట్టి అడుగుకు దిగుతుంది. ఎంత ముదురు రంగైతే అంత ఆక్సిజన్. ఏమీ లేకపోతే ముద్ద తెల్లగానే నిలుస్తుంది. ఆ తరువాత ఆమ్లం వేసి, థయోసల్ఫేటుతో కొలిచి అంకె రాబడతాం. అజైడ్ విషం, ఆమ్లం కాలుస్తుంది. అందువల్ల ఆ రెండూ నా చేతిలోనో, చేతి తొడుగులు వేసుకున్న సైన్సు విద్యార్థి చేతిలోనో తప్ప ఇంకెవరి చేతుల్లోకీ వెళ్లలేదు. పని ఎక్కువే. కానీ మీటరు అంకె చదువుకున్నవారికే అర్థమవుతుంది, ఈ రంగు ఎవరికైనా అర్థమవుతుంది. ఆ తేడా విలువ గ్రామసభలో తెలిసింది.

ఇంకో ప్రయత్నం కూడా చేసి వదిలేశాం. అమెరికాలో స్వచ్ఛంద కార్యకర్తలు దశాబ్దాలుగా వాగుల్లో రాళ్లు తిరగేసి, వాటి కింద ఉండే పురుగుల రకాలను బట్టి నీటి ఆరోగ్యం చెబుతున్నారు. ఆ పట్టికలు తెచ్చి మా కాలువలో వెతికాం. ఆ పట్టికలో పెద్ద మార్కులున్న పురుగులు రాళ్ల మీద పరుగెత్తే చల్లటి నీటిలో బతుకుతాయి. మా కాలువ అడుగున ఉన్నది నల్లరేగడి బురద. అక్కడి పట్టిక ప్రకారం మా కాలువ పుట్టుకతోనే చచ్చినట్టు లెక్క. దానికి బదులు, వల వేసే ఆవిడ చెప్పిన మాటే మాకు మంచి కొలమానం అయింది. “పరిగెలు పడటం మానేసి మూడేళ్లయింది. వలలో కొర్రమేనులు, మట్టగిడసలే ఉంటున్నాయి” అంది. ఆ రెండూ నీటి పైకి వచ్చి గాలి పీల్చుకోగల చేపలు. నీటిలో ఊపిరి లేకపోయినా బతుకుతాయి. ఆమె చదువుకోని జీవశాస్త్రం అది. మొదటి నెలలోనే చెప్పింది కూడా. మేమే చెవిన పెట్టలేదు.

ఎందుకంటే మా పుస్తకంలో అంకెలు బాగున్నాయి. వంతెన దగ్గర పది గంటలకు కరిగిన ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాములు దాటేది. 30 డిగ్రీల వేడిలో మంచినీరు పట్టుకోగలిగేదే ఏడున్నర వరకు. చేపలకు కనీసం 4 ఉండాలని కాలుష్య నియంత్రణ మండలి లెక్క. కాబట్టి కాలువ బాగానే ఉందని ఏడాది పాటు రాసుకున్నాం. ఆ ఏడాదిలోనే రెండుసార్లు చేపలు తేలి చచ్చాయి.

రెండోసారి చేపలు చచ్చినప్పుడు పెద్ద తప్పు చేశాం. నాలుగో చోటికి ఎగువన ఒక రొయ్యల చెరువు ఉంది. దాని గొట్టం నుంచి నురుగు నీరు కాలువలో పడుతున్న ఫొటోను మా కుర్రాడొకడు ఊరి వాట్సాప్ బృందంలో పెట్టాడు. నేను ఆపలేదు. లోపల సమ్మతించాను కూడా. మా పుస్తకంలో ఆ చెరువుకు ఎగువన, దిగువన తీసిన కొలతలు పక్కపక్కన పెట్టి చూస్తే పెద్ద తేడా లేదు. అది చూడకుండానే నింద వేశాం. చెరువు రైతు ఇంటికి వెళ్లి నేను క్షమాపణ చెప్పుకున్నాను. రొయ్యల చెరువుల మురుగుతో సమస్య లేదని నేననడం లేదు. అయితే ఆ చేపల చావుకు ఆ చెరువు కారణమని చెప్పడానికి మా దగ్గర ఆధారం లేదు. ఆధారం లేనప్పుడు నోరు మెదపకపోవడం ఈ పనికి మొదటి నియమం.

ఆ ఇంట్లో ఉన్నప్పుడే చెరువు మీద రాత్రి కాపలా ఉండే మనిషి ఒక మాటన్నాడు. రొయ్యలకు ఎప్పుడు ఊపిరాడదో తెలియనివాడు చెరువు కాపలాకు పనికిరాడు. అర్ధరాత్రి దాటాక నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు ఎందుకు తిప్పుతామో తెలుసా అని మమ్మల్ని అడిగాడు. పగలు నాచు ఎండ తగిలి ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి అదే నాచు, బురద, చేపలు, అన్నీ కలిసి ఆ ఆక్సిజన్ తాగేస్తాయి. సూర్యుడు రాకముందు నీరు అన్నింటికంటే నీరసంగా ఉంటుంది. నేను ముప్పయ్యేళ్లు కిరణజన్య సంయోగక్రియ ఉన్న పాఠ్యపుస్తకాల పక్కనే బతికాను. ఆదివారం పది గంటలు మా సౌకర్యం కోసం ఎంచుకున్న సమయమని, కాలువ కోసం కాదని ఆ రాత్రి అర్థమైంది.

మరో సంగతి కూడా తట్టింది. మేం తోడేది వంతెనల దగ్గర. అక్కడ లస్కర్లు గుర్రపుడెక్క లాగేసి ఉంచుతారు కాబట్టి నీటికి ఎండ తగులుతుంది. మిగతా కాలువంతా డెక్క కింద చీకట్లో ఉంది. ఆ కప్పు కింద నాచు పెరగదు, గాలి సోకదు, పైగా రాలిన డెక్క కుళ్లుతూ ఉంటుంది. అంటే కాలువలో అన్నింటికంటే ఆరోగ్యంగా ఉన్న చోట, అన్నింటికంటే ఆరోగ్యంగా ఉన్న వేళలో ఏడాది పొడవునా కొలిచాం.

ఆ తరువాతి అమావాస్యకు తెల్లవారుజామున నాలుగున్నరకు ఆరు చోట్లా దిగాం. వంతెనకు రెండు వందల అడుగుల ఎగువన డెక్కను కర్రతో పక్కకు తోసి సీసా నింపాం. టార్చి వెలుగులో మందులు వేశాం. ముద్ద తెల్లగా దిగింది. ఎవరూ మాట్లాడలేదు. వల వేసే ఆవిడ సీసాను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. పది గంటలకు 5 దాటే వంతెన దగ్గరే ఆ వేళ 2 కూడా లేదు.

ఉప్పు ముడి విప్పింది విరమించిన లస్కరు. ఉప్పునీరు బరువు, మంచినీరు తేలిక. పోటు మీద ఎదురెక్కిన సముద్రపు నీరు కాలువ అడుగునే నాలుకలా లోపలికి పాకుతుంది, పైన మంచినీరు యథాప్రకారం కనిపిస్తుంది. బకెట్టు పైనీటినే తోడుతుంది. రైతు ఇంజను నీరు లాగే గొట్టం మూతి, ఫుట్‌వాల్వు, మాత్రం అడుగున ఉంటుంది. అధికారులు తీసిందీ పైనీరే, నేను వంతెన మీద నుంచి తోడిందీ పైనీరే. రైతు డబ్బాలోకి వచ్చింది ఇంజను లాగిన నీరు. మేం సీసాకు రాయి కట్టి, మూతకు వేరే తాడు కట్టాం. సీసా అడుగు తాకాక మూత తాడు లాగితే అక్కడి నీరే నిండుతుంది. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో, పున్నమికీ అమావాస్యకూ పోటు నిండుగా ఉన్న గంటలో, నాలుగో చోటు దాకా అడుగు నీరు సాగునీటి పరిమితి దాటి ఉంది. అదే క్షణంలో పైనీరు బాగుంది.

జూన్‌లో కాలువలు వదిలినా శివారుకు నీరు చేరేసరికి ఆలస్యమవుతుంది. ఆ లోపు నారుమళ్ల కోసం రైతులు మురుగు కాలువలో ఇంజన్లు పెడతారు. లేత వరి ఉప్పును అసలు ఓర్చుకోదు. రైతు చెప్పిన మాటకు ఇదీ లెక్క.

కాలువ ఉప్పుటేరులో కలిసేచోట తలుపుల తూము ఉంది. మురుగు నీరు తోస్తే తలుపులు బయటికి తెరుచుకోవాలి, పోటు తోస్తే మూసుకోవాలి. ఒక తలుపు తుప్పు పట్టి, ఇరుక్కున్న తాటి దుంగతో సగం తెరిచే ఉండిపోయింది. పెద్ద ప్రాజెక్టు కాదు, కొత్త కాలువ అక్కర్లేదు. ఒక తలుపు. దాని గురించి ఇచ్చిన అర్జీలకు చాలాకాలం జవాబు రాలేదు. చివరికి ఒక యువ ఇంజనీరు అమావాస్య నాటి తెల్లవారుజామున మాతో వచ్చి, రాయి కట్టిన సీసాను తానే దింపి, తానే పైకి లాగి, తన మీటరుతో కొలిచాడు. మా మీటరుకూ ఆయన మీటరుకూ తేడా దాదాపు లేదు. సరిచూసే అలవాటు పరువు కాపాడిందన్నది అందుకే. ఆ ఎండాకాలంలోనే దుంగ తీసి తలుపు బాగు చేశారు.

నీటి నుంచి నేలకు

నీటి కొలతలతోనే ఆగిపోయి ఉంటే ఇది సగం పని. నీరు ఎందుకు నిలిచిపోతోందో చూడాలంటే కాలువ కింద ఉన్న నేలను చూడాలి. సర్వే కొలతల పుస్తకం నకలు తీసుకుని, మా ఆరు చోట్లనూ దాని మీద గుర్తించాం. టేపు పట్టుకుని కాలువ వెడల్పు కొలిచాం. ఆరింటిలో నాలుగు చోట్ల కాలువ కాగితం మీద ఉన్నంత లేదు. గట్టు పోరంబోకు మీద కొబ్బరి మొక్కలు వచ్చాయి, పొలం గట్లు ముందుకు జరిగాయి. ఇరుకైన చోట్లే డెక్క చిక్కగా ఉంది, తెల్లటి సీసాలూ అక్కడివే.

ఇక్కడ జట్టులో గట్టి వాదన జరిగింది. ఆక్రమణలన్నీ తొలగించమని అర్జీ పెడదామని కుర్రాళ్లు అన్నారు. గట్టు మీద ఇరవై దాకా ఇళ్లున్నాయి. వరద వస్తే మెరక అదొక్కటేనని అక్కడికి చేరిన కుటుంబాలవి. వాళ్ల ఇళ్ల జోలికి పోయే పనైతే నేను ఉండనని చెప్పాను. కాలువను మింగింది ఆ ఇళ్లు కాదు, కొలతలు ఆ మాటే చెప్పాయి. చివరికి ఇళ్లను వదిలేసి, కాలువలోకి జరిగిన గట్ల గురించి, కొత్తగా మొక్కలు నాటకుండా చూడటం గురించి మాత్రమే అడిగాం. ఇది నా తీర్పు. జట్టులో ఇద్దరు ఇప్పటికీ ఒప్పుకోరు.

అంతకంటే ముఖ్యమైంది పర్ర. తూముకు దిగువన, ఉప్పుటేరు ఒడ్డున, ఆరెకరాల పల్లం ఉంది. తుంగ, జమ్ము, అంచున కొద్దిగా మడ చెట్లు. రికార్డులో పోరంబోకు. దానికి కట్ట వేసి రొయ్యల చెరువులు తవ్వుకుంటామని కౌలుకు అడిగారు. పంచాయతీకి ఆదాయం వస్తుంది. ఊళ్లో కొందరు యువకులకు పనీ దొరుకుతుంది. ఇవి తీసిపారేయవలసిన కోరికలు కావు.

కానీ ఆ ఆరెకరాలు చేసే పని కంటికి కనిపించదు. పెద్ద పోటు వచ్చినప్పుడు నీరు ముందు ఆ పర్రలో పరుచుకుంటుంది, తలుపుల మీద ఒత్తిడి తగ్గుతుంది. పోటు తీసేటప్పుడు అక్కడ చేరిన నీరంతా వేగంగా వెనక్కి మళ్లుతూ, ఉప్పుటేరు గొంతులో పేరుకునే ఒండ్రును ఈడ్చుకుపోతుంది. దానికి కట్ట వేస్తే ఆ ఊడ్పు ఆగిపోయి, కొన్నేళ్లకు కాలువ మొగ పూడుకుపోతుంది. అప్పుడు ఎగువ పొలాలన్నీ వర్షాకాలం ముంపులో ఉంటాయి. రెండు పున్నముల పాటు పర్రలో గుర్తులు వేసిన వెదురు కర్రలు పాతి, నీరు ఎంత ఎక్కిందో, ఎంతసేపట్లో దిగిందో గంట గంటకూ రాసుకున్నాం. ఊరి పెద్దలకు ఈ లెక్కలతో పెద్ద పని లేకపోయింది. 1996 నవంబరు తుపాను చూసినవాళ్లు వాళ్లు. కోనసీమ కొబ్బరిని నేలకు పడుకోబెట్టిన ఆ రాత్రి సముద్రం వైపు ఏముంటే మంచిదో వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

గ్రామసభలో మేం గ్రాఫులు చూపించలేదు. బల్ల మీద రెండు సీసాలు పెట్టాం. ఒకటి పంట కాలువ నీరు, ముదురు గోధుమరంగు. రెండోది ఆ తెల్లవారుజామున మురుగు కాలువలో తీసింది. పక్కన కాలువ పటం, ఎక్కడ ఇరుకైందో ఎర్ర గీతలతో. గ్రామాల ఉమ్మడి భూముల ఆక్రమణలపై సుప్రీంకోర్టు 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో ఇచ్చిన తీర్పు సారాంశాన్ని తెలుగులో ఒక పేజీ రాసి చదివి వినిపించాను. చెరువు రైతు లేచి మాట్లాడతాడని నేను అనుకోలేదు. నింద మోసిన ఆయనే లేచి, మొగ పూడితే తన చెరువుకూ నీరు మారదని, పర్రను కదపవద్దని చెప్పాడు. పర్రను ఉమ్మడి భూమిగానే ఉంచాలని, సర్వే చేయించి హద్దులు పాతించాలని తీర్మానం అయింది. రాళ్లు మూడు వైపులా పడ్డాయి. నాలుగో వైపు హద్దు మీద వచ్చిన అభ్యంతరమే ఇప్పుడు విచారణలో ఉన్నది.

ఈ పని మొదలుపెట్టాలనుకునే వేరే ఊళ్లవాళ్లు అడిగే ప్రశ్న ఒకటే, ఎంత ఖర్చవుతుందని. డబ్బు కంటే మనుషులు నిలవడం కష్టం. పరీక్షలప్పుడు విద్యార్థులు రారు, కోతలప్పుడు రైతులు రారు. ప్రతి ఆదివారం అన్నది మొదటి ఏడాదే మమ్మల్ని అలసిపోయేలా చేసింది. ఇప్పుడు నెలకు రెండే, అమావాస్యకు, పున్నమికి, అదీ తెల్లవారుజామున. కొలతలు తగ్గాయి, వాటి విలువ పెరిగింది. కాగితంలో రెండు కొత్త గడులు చేర్చాం, తోడిన గంట, తోడిన లోతు. ఆ రెండూ లేని కొలతను పుస్తకంలోకి ఎక్కించం. డెక్క తీయించేటప్పుడు దాన్ని గట్టు అంచునే పోయకుండా అవతలికి తరలించాలని కూడా పట్టుబట్టాలి. లేకపోతే మొదటి వానకే అదంతా తిరిగి కాలువలోకి జారుతుంది. మా దగ్గర ఒకసారి అలాగే జరిగింది.

తలుపు బాగయ్యాక గడిచిన రెండు వేసవుల్లో నాలుగో చోట అడుగు నీరు పరిమితి దాటలేదు. అయిదో చోట పున్నమికి ఒకసారి దాటింది. డబ్బా పట్టుకొచ్చిన రైతు ఈ సార్వాకు నారు అదే నీటితో పోశాడు, మడి పచ్చగానే ఉంది. డెక్క తీసిన భాగంలో తెల్లవారుజాము ఆక్సిజన్ పెరిగింది, కానీ 4కు చేరలేదు. వలలో పరిగెలు రెండుసార్లు పడ్డాయని ఆవిడ చెప్పింది. పుస్తకంలో ఆమె పేరుతోనే రాసుకున్నాం.

మొదటి రెండు చోట్లూ అలాగే ఉన్నాయి. అవి పట్టణానికి ఆనుకుని ఉన్నవి. అక్కడి నీరు పోసిన హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్ష సీసా ఒక రాత్రిలోనే నల్లబడుతుంది, అంటే ఆ నీటిలో మలం కలిసి ఉండవచ్చని సూచన. శుద్ధి చేయకుండా ఎవరు వదులుతున్నారో ఊరందరికీ తెలుసు. మొన్న అమావాస్యకు రెండో చోట తీసిన వింక్లర్ సీసా తెల్లగానే దిగింది. దాన్ని ఫొటో తీసి, గంట, లోతు రాసి, మా మీటరు సరిచూసిన నమోదుతో కలిపి పురపాలక కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకున్నాం. పున్నమికి మళ్లీ దిగుతున్నాం. ఆ రోజు నాలుగున్నరకు రెండో చోటికి రమ్మని వాళ్లనూ లిఖితపూర్వకంగా పిలిచాం.